రాస్తే చెల్లని మాట

పుస్తకం 19, పేజీ 41. సోమవారం

ఉదయం ఆరున్నరకి డ్యూటీలో చేరాను. గేటు దగ్గర ఫోను అప్పగించి చీటీ తీసుకున్నాను. నా ముందు ఒకాయన తన తండ్రి మాట్లాడిన వీడియో పట్టుకుని, "ఆయన నోటితో ఆయనే చెప్పాడండీ, చూడండి" అని బతిమాలుతున్నాడు. గేటు మనిషి నవ్వాడు. "మా తాత పోయి ఇరవయ్యేళ్ళయింది బాబూ. నిన్న ఫోను చేసి ఇల్లు మా చిన్నాన్నకి రాసీమన్నాడు" అన్నాడు.

దొంగగొంతుల కాలం వచ్చాక తెర మీద కనిపించింది చెల్లదు, కాగితం మీద రాసింది చెల్లదు. ఒక మనిషి నోటితో చెప్పి ఇంకో మనిషి చెవితో విన్నదే చెల్లుతుంది. ఈ కొండాసుపత్రిలో ఆ చెవి నాది. హాజరు పట్టీలో నా పేరు పక్కన మాటదారు అని ఉంటుంది.

నూటముప్పయొక్కమంది మాటలు నా దగ్గరున్నాయి. తెలివి పోయి ప్రాణం నిలిపే పెట్టెకి కట్టాల్సి వస్తే తమని ఏం చెయ్యాలో ఒక్కొక్కరూ ఏడాదికోసారి వచ్చి చెప్పి వెళతారు. ఆషాఢంలో ఎలాగూ శుభకార్యాలు ఉండవు కాబట్టి ఆ నెలంతా జనం నా గదికే. భార్యకీ భర్తకీ కూడా ఆ మాట ముందుగా తెలియకూడదు. అవసరం పడిన రోజున మంచం కాళ్ళ దగ్గర నిలబడి నేను అప్పజెప్పాలి. మాటని ఎక్కడా రాయకూడదు, రాసిన క్షణమే అది రద్దు. ఈ పుస్తకం డ్యూటీ వివరాలకి మాత్రమే.

ఈ రోజు పదింటికి నాలుగో బెడ్డుకి పిలిచారు. మైలపల్లి దానయ్య, అరవై ఏడేళ్ళు. సముద్రం ఊళ్ళోకి రాకముందు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు, కొండ మీదికొచ్చాక నీళ్ళ మోటార్లు. శనివారం మెదడులో రక్తనాళం చిట్లి పడిపోతే పెట్టెకి కట్టారు. ఊపిరి, రక్తం, తిండి అన్నీ పెట్టే చూసుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే మనిషిని పోనివ్వదు. మాట చెప్పకుండా తెలివి తప్పినవాళ్ళని ఉంచే వార్డు మా వెనకే ఉంది. అందులో ఆరేళ్ళనుంచి ఉన్నవాళ్ళున్నారు.

డాక్టరు నఫీసాగారి ముందు, దానయ్య భార్య ఎర్రమ్మ ముందు మాట అప్పజెప్పాను. దాని ప్రకారం శుక్రవారం ఉదయం పెట్టె ఆపుతారు. ఎర్రమ్మ ఏడవలేదు. "ఆయనిష్టం" అని కొంగుతో ఆయన మూతి తుడిచింది.

పేజీ 42. మంగళవారం

పన్నెండో బెడ్డు భానుమతి టీచరుగారికి జావ తాగించాను. నాలుగు చెంచాలు దిగాయి, అయిదోది పొలమారింది. నెల రోజులుగా ఆమెకి నోట మాట లేదు. గొట్టం వేసే రోజు దగ్గరకొస్తోంది. ఆ రోజున ఏం చెయ్యాలో నాకు తెలుసు, ఆమె చెప్పింది. నాకొక్కదానికే తెలుసు.

మధ్యాహ్నం నాలుగో బెడ్డు దగ్గర పక్క మార్చడానికి వెళ్ళాను. ఎర్రమ్మ ఆయన కాళ్ళు పడుతూ తనలో తాను మాట్లాడుకుంటోంది. నన్ను చూసి కబుర్లలోకి దిగింది.

"ఈయన నాకు రెండుసార్లు పుట్టినాడప్పా. పెళ్ళయిన ఏడాదే వేటకెల్లి తప్పిపోనాడు. పదిరోజులకే అందరూ గాజులు పగలగొట్టీమన్నారు. మా అత్త కూడా అంది. నాను పగలగొట్టనేదు. తప్పిపోయిన పడవకి మండలం, నలభై రోజులు, ఎదురుసూడాలని మా పేట కట్టు. ఇరవయ్యేడో రోజున ఎవులో ఓడవోళ్ళు తెచ్చి దించినారు. కర్రముక్కలాగున్నాడు."

"ఒక్కడేనా?"

"పడవలో మరి ఇద్దరున్నారు, ఆళ్ళు రానేదు. ఈయన జతగాడు ఆదెయ్య బావ కూడా ఎల్లాల్సిందే. జరమొచ్చి ఇంటికాడ ఉండిపోనాడు. ఆ దినం కాణ్ణించి ఈయనకి మండలం అంటే దేవుడిమాటే."

నేను దుప్పటి సగం లాగి ఆగిపోయాను. మండలం అన్న మాట నా దగ్గర ఉంది. కానీ అది దానయ్య పేరు మీద లేదు.

పేజీ 43. బుధవారం

నా పని ఎలా చేస్తానో ఎప్పుడూ రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

నాకు పని నేర్పినావిడ ఒకటే చెప్పింది: మాట వినేటప్పుడు చేతిలో పనుండాలి, ఒక్కో మనిషికి ఒక్కో పని. ఆ పనిని మళ్ళీ తలుచుకుంటే మాట దానంతట అదే వస్తుంది. భానుమతి టీచరుగారు చెబుతున్నప్పుడు గోంగూర ఆకు దూశాను. ఇంకొకరికి వత్తులు చేశాను, ఇంకొకరికి చొక్కా బొత్తాములు కుట్టాను. పంతొమ్మిదేళ్ళలో ఒక్కటి తప్పిపోలేదు. నాకంటే చిన్న మాటదార్లు తడబడితే, "చెవులు తలకి అందం కోసమా?" అని అందరిముందూ దులిపేసినదాన్ని.

పోయిన ఆషాఢంలో దానయ్య, ఆదెయ్య ఒకే ఆటోలో వచ్చారు. ఇద్దరూ నాకు కొత్త. వాళ్ళ మాటదారు కాలం చెయ్యడంతో నా దగ్గరికి మార్చారు. బయట కుంభవృష్టి. ఒకరు చెబుతుండగా ఇంకొకరు గదిలో ఉండకూడదు. కానీ ముసలాణ్ణి వానలో ఎలా నిలబెట్టను? ఇద్దర్నీ లోపల కూర్చోబెట్టాను. నా ముందు చింతపండు ఉంది, గింజలు తీస్తున్నాను. మొదటాయన అయ్యాక ఆ చేత్తోనే రెండో ఆయనది కూడా విన్నాను. పని మార్చాలని తోచింది. చింతపండు ఇంకా గంపలో సగం ఉంది, బద్ధకించాను.

ఇప్పుడు చింతపండు తలుచుకుంటే రెండు మాటలూ వస్తున్నాయి. రెండు గొంతులూ ఉప్పునీటి గొంతులే. ఏది ఎవరిదో మాత్రం రావడం లేదు.

ఆదెయ్య మార్గశిరంలో పడిపోయాడు. ఆయన మాట కూడా నేనే అప్పజెప్పాను. నలభై రోజులు పెట్టె మీద ఉంచారు. కాలివేళ్ళు నల్లబడితే తీసేశారు, వీపంతా పుళ్ళు పడ్డాయి. నలభై ఒకటో రోజున ఆపారు. నేను మాట చెప్పిన రోజున ఆయన భార్య గంగమ్మ, "మావ అలాగనడే" అంది. "విన్న చెవి నాదమ్మా, నీది కాదు" అన్నాను.

తప్పు ఒప్పుకుంటే జరిగేది నాకు తెలుసు. దానయ్య మాట రద్దవుతుంది, ఆయన్ని వెనక వార్డుకి తోస్తారు. నా చెవి చెల్లదని మాటదార్ల బోర్డు కొట్టేస్తుంది. మిగతా నూటముప్పయిమంది మాటలూ దాంతోపాటే పోతాయి. నోరున్నవాళ్ళు ఇంకొకరి దగ్గర చెప్పుకుంటారు. భానుమతి టీచరుగారు ఎక్కడ చెప్పుకుంటారు?

ఒప్పుకోకపోతే ఎల్లుండి ఉదయం దానయ్య పోతాడు. నిజంగా అది ఆయన మాటే అయ్యుండొచ్చు. స్నేహితుడి కథ చూసి మండలం మాట ఆదెయ్యే అని ఉండొచ్చు. ఇలా రోజంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పేజీ 44. గురువారం

ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే చెల్లదని తెలిసే రాస్తున్నాను.

సోమవారం నేను దానయ్య మాటగా అప్పజెప్పింది ఇది: "పడవ ఒడ్డెక్కేక ఇంజను తిప్పితే ఇసకే లేస్తాది. నాలుగు పొద్దులు సూడండి, లేవకపోతే ఆపీండి."

మార్గశిరంలో ఆదెయ్య మాటగా అప్పజెప్పింది ఇది: "తప్పిపోయిన పడవ కోసం మండలం సూస్తారు. నాకోసం కూడా అలాగే సూడండి. ఆ తరవాత మీ ఇష్టం."

ఇవి తారుమారు అయ్యాయని నాకు అనుమానం. ఈ రెండింటిలో ఏది ఎవరిదో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

సంతకం: కర్రి నూకరత్నం, మాటదారు.

ఇంతవరకూ రాసి, పుస్తకం తీసుకెళ్ళి నఫీసాగారి బల్ల మీద పెట్టాను. ఆవిడ వయసు ముప్పయి దాటదు. రెండుసార్లు చదివింది. లేచి తలుపు వేసొచ్చింది.

"భానుమతిగారి మాట మీ దగ్గరే ఉంది కదా?"

"నా దగ్గరే ఉందమ్మా. అందులో నాకు అనుమానం లేదు."

"మీకు లేదు. బోర్డు మాత్రం నమ్మదు." పుస్తకం మూసి నా వైపు జరిపింది. తరవాత మెల్లగా, "ఈ పేజీ నేను చూడలేదనుకోండి, రత్నంగారూ" అంది.

"చూశారు కదమ్మా."

"దానయ్యగారు లేచే ఆశ వందలో అయిదు కూడా లేదు. ఆ అయిదు కోసం ఆ టీచరుగారికి గొట్టం వేయించమంటారా?"

నాకు కోపమొచ్చింది. ఆవిడ మీద కాదు, నా గంపలో మిగిలిన ఆ సగం చింతపండు మీద. "మీరు పెట్టె ఆపేటప్పుడు పక్కన నేను నిలబడాలి. ఇది ఇతని మాటే అని మూడుసార్లు అనాలి. రేపు పొద్దున ఆ మూడుసార్లు నేను అనలేను. మీరు అనగలిగితే అనండి" అన్నాను.

నఫీసాగారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. తరవాత బోర్డుకి ఫోను చేసింది.

పేజీ 45. శనివారం

డ్యూటీ లేదు. చెవి కొట్టేశారు. పుస్తకం మాత్రం నఫీసాగారు తిరిగిచ్చింది, "మిగతాది కూడా రాసి పెట్టండి" అంది.

నిన్న బోర్డు నాలుగు గంటలు కూర్చుంది. రూలు ప్రకారం దానయ్యని వెనక వార్డుకి తోసెయ్యాలి. నఫీసాగారు ఒప్పుకోలేదు. "మాట లేదంటే మనిషే లేడని కాదు. నలభై రోజులు నేను వైద్యం చేస్తాను, అది నా నిర్ణయం. లేవకపోతే ఆ తరవాత ఎర్రమ్మగారిని కూర్చోబెట్టి, ఆయన ఎలాంటి మనిషో అడిగి తేల్చండి" అందట. ఇంటివాళ్ళని అడగడమంటే బోర్డుకి భయం. తండ్రుల గొంతులు దొంగిలించిన కొడుకుల్ని చూసినవాళ్ళు వాళ్ళు. ఎలాగో ఒప్పుకున్నారు, ఈ ఒక్క కేసుకే.

భానుమతి టీచరుగారి విషయంలో ఒప్పుకోలేదు. ఆమెకి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మాట రద్దయింది కాబట్టి ఈ ఉదయం ముక్కులోంచి గొట్టం వేశారు. పెట్టె పక్కనే తెచ్చి ఉంచారు. "మింగుడు పడనప్పుడు గొట్టం వేసి నన్ను ఆపకు రత్నం, నాకు ఆకలి కూడా ఉండదు అప్పటికి" అని ఆమె నాతో అన్నది. ఇప్పుడు రాసినా పోయేదేం లేదు. గొట్టం లాగేసుకోకుండా ఆమె చేతులకి గుడ్డ సంచులు కట్టారు. నేను కట్టించినట్టే.

సాయంత్రం ఆమె పక్కన కూర్చున్నాను. గుడ్డ సంచిలోంచే నా చెయ్యి పట్టుకోవాలని చూసింది. నేను ఎవరినో ఆమెకి గుర్తుందో లేదో తెలియదు.

పేజీ 46. ఆదివారం. దానయ్య పెట్టె మీద ముప్పయ్యో రోజు

సిగ్గు విడిచి ఒక సంగతి రాయాలి. ఈ నెలంతా దానయ్య కళ్ళు తెరవకూడదని కోరుకున్నాను. ఆయన చావాలని కాదు. ఆయన లేస్తే ఎవరి మాట ఏదో తేలిపోతుంది. లేవకపోతే తారుమారు కాలేదేమోనన్న చిన్న వెసులుబాటు నాకు మిగిలి ఉంటుంది.

ఈ రోజు పది గంటలకి నఫీసాగారు మనిషిని పంపి పిలిపించింది. గురువారం నుంచీ దానయ్య కనుపాపలు మనుషుల్ని వెతుకుతున్నాయట. కాలూ చెయ్యీ కదలవు, మాట రాదు. రెప్పలు మాత్రం ఆయన చెప్పుచేతల్లో ఉన్నాయి.

ఎర్రమ్మ తలవైపు నిలబడింది. బోర్డు నుంచి ఇద్దరొచ్చారు. నఫీసాగారు వంగి మెల్లగా అడిగింది.

"మీ పేరు దానయ్య అయితే కళ్ళు మూసి తెరవండి."

మూసి తెరిచాడు.

"మీ పేరు పోలయ్యా?"

తెరిచే ఉంచాడు. విసుగ్గా చూసినట్టు కూడా అనిపించింది.

"రత్నంగారికి మీరు చెప్పిన మాట అడుగుతాను. నాలుగు పొద్దులు చూసి ఆపెయ్యమన్నారా?"

కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మండలం చూడమన్నారా?"

మూశాడు. గట్టిగా, ముఖమంతా ముడతలు పడేలా మూశాడు.

నఫీసాగారు వరస మార్చి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. ఎర్రమ్మ ఆయన నుదుటి మీద నుదురు ఆనించి, "మూడోసారి పుట్టినావురా" అని ఏడ్చింది. బోర్డు పెద్దాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నఫీసాగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు చెప్పబట్టే" అంది.

అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నేను బయటికి వచ్చేశాను. మండలం దానయ్య మాట అయితే రెండోది ఆదెయ్యది. నాలుగు పొద్దులు చూసి ఆపెయ్యమన్న మనిషిని నలభై రోజులు పెట్టె మీద ఉంచి కాలివేళ్ళు కోయించాను.

పేజీ 47. సోమవారం

గంగమ్మకి చెప్పమని ఏ రూలూ లేదు. పోయినవాళ్ళ మాట తిరగదోడకూడదన్నది బోర్డు పద్ధతి. "వద్దు రత్నంగారూ, ఆవిడకి ఇప్పుడు తెలిసి ఏం మేలు?" అని నఫీసాగారు కూడా అంది. తెలియకపోతే మేలు నాకే కదా అనిపించింది. పొద్దున్నే బయల్దేరాను.

తీరంవాళ్ళ కాలనీ ఘాటు రోడ్డు మూడో మలుపు పైన ఉంది. గంగమ్మ రేకు మీద చెరువు చేపలు ఎండబెడుతోంది. మంచుకి అవి ఎండవు, కాస్త వాడతాయి. నన్ను చూసి చెయ్యి ఆపింది. కూర్చుంటే మళ్ళీ నోరు పెగలదని గుమ్మం దగ్గర నిలబడే అంతా చెప్పేశాను. వాన, చింతపండు, దానయ్య రెప్పలు, అన్నీ.

ఆమె తిట్టలేదు. చేతిలో చేపని రేకు మీద పెట్టి, "అయితే మావ ఏటన్నాడు?" అంది.

అప్పజెప్పాను. "పడవ ఒడ్డెక్కేక ఇంజను తిప్పితే ఇసకే లేస్తాది. నాలుగు పొద్దులు సూడండి, లేవకపోతే ఆపీండి."

"అదీ," అంది గంగమ్మ. "అది మా మావ. ఆడి మాటే అది. నాను సెప్పినాను కదా ఆ దినం."

"చెప్పావు."

"ఇన్నావు కాదు."

"వినలేదు."

రేకు మీద చేపల్ని ఒక్కొక్కటే తిరగేసింది. తల ఎత్తకుండానే మాట్లాడింది. "ఆడి మీద నాకెంత కోపమో నీకు తెల్దు. కాలేళ్ళు తీసీసినారు, ఈపంతా పుండు, అయినా మండలం కావాలన్నాడని. రోజూ సెవి కాడ కూకుని తిట్టినాను. నీకింత పేణం మీద తీపేటిరా, నన్ను సంపీసి ఎల్తావా అన్నాను. సచ్చినాక కూడా పోనేదు కోపం. మాసికాలకి ఆడికిష్టమైన కూరొక్కటి వొండనేదు. ఏదో ఉడకేసి పడీసినాను."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదని ఆపుకున్నాను.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు," అంది. "ఆ పెట్టె మీదున్నోలకి ఇనబడతాదా? మాటాడతా ఉండు, ఇనబడతాది అని నువ్వే అన్నావప్పుడు. నన్ను మురిపించడానికన్నావా?"

ఊరికే అన్నానమ్మా, ఏమీ వినబడదు. ఈ మాట చెబితే ఆమెకి కాస్త ఊరట. నాకూ ఊరటే. కానీ పెట్టె తెర మీద చెవికి ఒక గీత ఉంటుంది. మనిషి మాట చెవికి చేరి లోపల అందితే ఆ గీత లేస్తుంది. ఆదెయ్య గీత నలభై రోజులూ నేను చూశాను. నర్సు మాట్లాడితే లేచేది కాదు, నేను మాట్లాడితే లేచేది కాదు. గంగమ్మ నోరు తెరిస్తే లేచేది.

"వినబడింది," అన్నాను.

"అన్నీ?"

"అన్నీ."

గంగమ్మ చేతులు నీళ్ళ తొట్టిలో కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని గుమ్మం మీద కూర్చుంది. తన పక్కన జాగా చూపించింది.

"కూకో," అంది. "ఏటేటి తిట్టినానో సెప్తాను. ఆడికి తప్ప ఎవులికీ తెల్దు. ఈసారైనా సరిగ్గా ఇను. ఒకలది ఒకలిదాన్లో కలిపీకు."

కూర్చున్నాను. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఖాళీగా ఒళ్ళో పెట్టుకున్నాను. గంగమ్మ మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది.